సీమ మట్టిలోని ఆరు కేంద్రకాలు: గోలీలతో ప్రాజెక్టు డైరీ

ఆదివారం

జిల్లా సైన్స్ ఫెయిర్‌కు మా బడి నుంచి ఏం పెట్టాలనే పంచాయితీ ఈ రోజుకు తెగింది. సోడా ఉప్పు అగ్నిపర్వతం, బిందు సేద్యం మోడలు... ఏటా అవే. ఈసారి పదో తరగతి పిల్లలతో పరమాణు కేంద్రకాలు కట్టిద్దామని నా పట్టు. ప్రశ్న ఒకటే: కేంద్రకం ఎంత బరువుంటే ఎంత లావుంటుంది?

ఏ మూలకాలు పెట్టాలనేది పిల్లలే తేల్చినారు. నేను హైడ్రోజన్, హీలియం అని బోర్డు మీద మొదలుపెట్టేసరికి వెనక బెంచీ అమ్మాయి ఒకటి లేచి, "అవి ఎవరు చూసినారు సార్? మన పక్క దొరికేవే పెడదాం" అనింది. అంతే, బోర్డు చెరిపి మళ్ళీ రాసుకున్నాం. వజ్రకరూరు, జొన్నగిరి పక్క తొలకరి పడంగానే జనం పొలాల్లో వంగి వెతికే వజ్రమంటే కార్బన్. ఇక్కడ ప్రతి ఇంట్లో కాళ్ళ కింద ఉండే కడప బండ సున్నపురాయే కాబట్టి కాల్షియం. ఓబుళాపురం కొండల ఇనుము. మంగంపేట ముగ్గురాయిలో బేరియం. జొన్నగిరి బంగారం. చివరికి మన జిల్లాలోనే వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం. ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరుగా ఉండే రకాలను ఐసోటోపులంటారు. ఒక్కోదాంట్లో ప్రకృతిలో ఎక్కువగా దొరికే ఐసోటోపునే తీసుకున్నాం: కార్బన్-12, కాల్షియం-40, ఇనుము-56, బేరియం-138, బంగారం-197, యురేనియం-238.

ఈ పక్కనున్న అంకెలు ద్రవ్యరాశి సంఖ్యలు, అంటే కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి ఎన్ని ఉన్నాయన్నది. రెండిటి బరువూ దాదాపు ఒకటే గనుక ఈ సంఖ్యనే బరువుగా లెక్కేసుకోవచ్చు. ఒక కణానికి ఒక గోలీ. మొత్తం కూడితే 681.

పుస్తకంలో సూత్రం ఒక్క లైనే: కేంద్రక వ్యాసార్థం ఫెర్మీల్లో కావాలంటే ద్రవ్యరాశి సంఖ్య ఘనమూలాన్ని 1.2తో గుణించాలి. ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటరు. ఇంటర్ పిల్లలు దాన్ని బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకుంటారు. అది నిజమో కాదో చేత్తో పట్టుకొని చూసే వీలుందా అన్నదే నా కుతూహలం.

మంగళవారం, గోలీలు

ఏడు రోడ్ల కూడలి దగ్గర ఆటవస్తువుల అంగడి భాయ్ నన్ను ఎగాదిగా చూసినాడు. "ఏడొందల గోలీలా? ఈ కాలం పిల్లోళ్ళు గోలీలాడేదే లేదు కదా సార్!" యురేనియం చేస్తామంటే నవ్వి, లోపలినుంచి దుమ్ముపట్టిన సంచులు తీసినాడు. పాత సరుకు కాబట్టి ధర తగ్గించినాడు కూడా.

ఇంటికొచ్చి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలుస్తూ కూర్చున్నాం. 16 మిల్లీమీటర్ల గోలీ అని పేరే గానీ ఏ రెండూ ఒకటిగా లేవు. 15.6 నుంచి 16.3 దాకా పోయినాయి. పెచ్చు లేచినవి, గుడ్డు ఆకారంలో ఉన్నవి పక్కన పడేసినాం. ఒక గోలీకయితే మధ్యలో గాలిబుడగ, దాన్ని మాత్రం ఎవరో జేబులో వేసుకున్నారు.

16 మిల్లీమీటర్ల గోలీ దొరకడం మాకు కలిసొచ్చింది. గోలీ వ్యాసార్థం 8 మిల్లీమీటర్లు. ప్రోటాన్‌కు కొలిచిన ఆవేశ వ్యాసార్థం, అంటే దాని విద్యుదావేశం ఎంత దూరం పరుచుకుని ఉందో చెప్పే కొలత, 0.84 ఫెర్మీ. అది సగటు లాంటి ఆర్.ఎం.ఎస్. విలువ కాబట్టి ఒకే సాంద్రత ఉన్న గుండుగా మార్చాలంటే 1.29తో గుణించాలి, అప్పుడు 1.08 వస్తుంది. కాబట్టి ఒక ఫెర్మీకి 8 మిల్లీమీటర్లు అని స్కేలు పెట్టుకుంటే గోలీ, ప్రోటాన్ దాదాపు సరిపోతాయి. ఈ స్కేలును మాత్రం చివరిదాకా మార్చకూడదని పిల్లలకు గట్టిగా చెప్పినా.

గురువారం, మేజోడు

గోలీలను గుండ్రంగా పట్టి ఉంచేదెట్లా? జిగురుతో అంటిద్దామంటే గాజుకు గాజు అంటుకోవడం కష్టం, అంటుకున్నా మళ్ళీ విప్పలేం. బెలూన్లో పోద్దామంటే మూతి దగ్గరే ఇరుక్కుంటాయి. నారింజపండ్ల వల సంచిలో కళ్ళు పెద్దవి, గోలీలు జారిపోయినాయి. ఆఖరికి ఆడవాళ్ళు వేసుకునే పలచటి నైలాన్ మేజోళ్ళు పనికొచ్చినాయి. సాగుతాయి, అన్ని వైపుల నుంచీ లోపలికి లాగుతాయి, లోపలిది బయటికి కనిపిస్తుంది.

మా వీధిలో బట్టలు కుట్టే అక్క మేజోడును కత్తిరించి, అడుగు గుండ్రంగా వచ్చేట్టు కుట్టి ఇచ్చింది. గోలీలు పోసి, పైన బిగించి, దారంతో ముడేసి, రెండు చేతుల మధ్య పెట్టుకొని పిండి ముద్దలాగా తిప్పుతూ ఒత్తితే గుండు తయారు. పన్నెండు గోలీల కార్బన్ మాత్రం ఎంత తిప్పినా బుడిపెలు బుడిపెలుగానే ఉంది. యురేనియం చక్కగా గుండ్రంగా కూర్చుంది. ఒకసారి దాన్ని పైకెత్తగానే కుట్టు విడిపోయి గోలీలన్నీ బండల మీద దొర్లి బీరువా కిందికి పోయినాయి. అక్క మళ్ళీ జంట కుట్టు వేసిచ్చింది.

మేజోడు లాగినట్టే కేంద్రకాన్ని కూడా ఏదో బయటినుంచి లాగి పట్టి ఉంచుతుందని పిల్లలు అనుకోకూడదని, కట్టేటప్పుడే ఆపి చెప్పినా. అసలు కేంద్రకానికి బయట సంచి లేదు. ప్రతి ప్రోటానూ, న్యూట్రానూ తన పక్కనున్నవాటినే పట్టుకుంటాయి. ఆ కేంద్రక బలం ఒకటి రెండు ఫెర్మీల దూరం దాటితే దాదాపు లేనట్టే. మరీ దగ్గరికి, అర ఫెర్మీ లోపలికి వస్తే అదే బలం నెట్టేస్తుంది. అందుకే కొత్తగా వచ్చిన కణం, ఉన్నవాటిని నలిపి సర్దుకోకుండా, తనకు కావాల్సినంత జాగా తాను తీసుకుంటుంది. ఒక్కో కణం మిగతా అన్నిటినీ లాగి ఉంటే బరువు పెరిగేకొద్దీ కేంద్రకం ఇంకా ఇంకా గట్టిపడేది. అట్లా జరగదు. కార్బన్‌లోనూ యురేనియంలోనూ నడిమి సాంద్రత దాదాపు ఒకటే. ఈ ప్రాజెక్టులో గోలీలు నిజం చెప్పేది ఈ ఒక్క విషయంలోనే, కానీ అసలైన విషయం కూడా ఇదే.

శనివారం, కొలతలు

దర్జీ టేపుతో ఒక్కో గుండును మూడు దిక్కుల్లో చుట్టి కొలిచి సగటు తీసినాం. చుట్టుకొలతలు సెంటీమీటర్లలో ఇవి:

కార్బన్-12: 15.2
కాల్షియం-40: 22.2
ఇనుము-56: 24.5
బేరియం-138: 32.7
బంగారం-197: 36.5
యురేనియం-238: 39.0

కిరాణా అంగడి తూకంలో కార్బన్ 64 గ్రాములు, యురేనియం కిలో 270 గ్రాములు తూగినాయి. అంటే బరువు ఇరవై రెట్లు, చుట్టుకొలత రెండున్నర రెట్లే. ఈ ఒక్క వాక్యం పిల్లలకు తలకెక్కితే చాలనిపించింది. ఇరవైకి ఘనమూలం 2.7. మాకు వచ్చింది 2.57.

ఈ కొంచెం తేడా ఎక్కడిదో తెలుసుకోవాలని గ్రాఫు గీయించినా. అడ్డంగా గోలీల సంఖ్య ఘనమూలం, నిలువుగా చుట్టుకొలత. ఆరు చుక్కలూ దాదాపు ఒకే గీత మీద కూర్చున్నాయి. కానీ ఆ గీత సున్నా దగ్గరికి పోలేదు. సుమారు 1.3 సెంటీమీటర్ల ఎత్తులో నిలువు అక్షాన్ని తాకింది. వ్యాసార్థంలో అది 2 మిల్లీమీటర్లు. కారణం టేపు పడే తీరులోనే ఉంది. టేపు బయటి గోలీల కొనల మీదుగా పోతుంది, గోలీల నడుమ గుంతల్లోకి దిగదు. ఆ అంచు మందం చిన్న గుండుకైనా పెద్ద గుండుకైనా ఒకటే. కాబట్టి చిన్న గుండు తన బరువుకు తగినదానికన్నా కాస్త లావుగా కనిపిస్తుంది.

లాగ్ టేబుళ్ళు తీసి, గోలీల సంఖ్య లాగ్‌తో పాటు చుట్టుకొలత లాగ్ ఎంత వాలుతో పెరుగుతుందో కూడా కట్టినాం: 0.315. సూత్రం ప్రకారం ఘనమూలం కాబట్టి మూడో వంతు, 0.333 రావాలి. ఒకబ్బాయి మొహం మాడ్చుకున్నాడు, "తప్పొచ్చింది సార్" అని. "తప్పు కాదబ్బీ, అదీ ఒక కొలతే. రేపు అసలు కేంద్రకాల లెక్క చూద్దాం, అప్పుడు మాట్లాడు" అన్నా.

ఆదివారం, అసలు అంకెలు

అసలు కేంద్రకాలను టేపుతో కొలవలేం కదా. ఎట్లా కొలిచినారో పిల్లలకు కథగా చెప్పినా. 1909లో గైగర్, మార్స్‌డెన్ బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు వదిలితే కొన్ని వెనక్కి తిరిగొచ్చినాయి. 1911లో రూథర్‌ఫర్డ్ దాన్నుంచి కేంద్రకం ఉందని తేల్చినాడు. ఆ ఆల్ఫా కణం బంగారం కేంద్రకానికి ఎంత దగ్గరికి పోయి తిరిగిందో లెక్కేస్తే సుమారు 30 ఫెర్మీలు. అంటే కేంద్రకం అంతకన్నా చిన్నదని మాత్రమే తెలిసింది. అసలు వ్యాసార్థం 7 ఫెర్మీలు. మా స్కేల్లో చెప్పాలంటే రూథర్‌ఫర్డ్ ఆల్ఫా కణం మా బంగారు గుండు నడిమినుంచి 24 సెంటీమీటర్ల దూరంలోనే ఆగి వెనక్కి మళ్ళింది. గుండు వ్యాసార్థమేమో 6 సెంటీమీటర్ల లోపే.

తాకి చూడాలంటే ఎలక్ట్రాన్లు కావాల్సి వచ్చినాయి. 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ అధిక శక్తి ఎలక్ట్రాన్లను కేంద్రకాల మీదికి పంపి, అవి చెదిరిన తీరునుంచి ఆవేశం లోపల ఎట్లా పరుచుకుని ఉందో గీసినాడు. దానికి 1961లో నోబెల్ వచ్చింది.

కొలిచిన ఆర్.ఎం.ఎస్. ఆవేశ వ్యాసార్థాలను 1.29తో గుణించి మా గుండ్లతో పోల్చుకోడానికి పట్టిక చేసినాం. కార్బన్ 3.19 ఫెర్మీలు, కాల్షియం 4.49, ఇనుము 4.83, బేరియం 6.25, బంగారం 7.02, యురేనియం 7.56. స్కేలు ప్రకారం 8తో గుణిస్తే యురేనియం 60 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉండాలి. మా గోలీల గుండు 62 వచ్చింది! కార్బన్ 25.5 ఉండాలి, మాది 24. ఇంత దగ్గరగా వస్తుందని నేనూ అనుకోలేదు. కొంత కలిసిరావడమేననుకోండి, అంగట్లో 16 బదులు 25 మిల్లీమీటర్ల గోలీలే దొరికి ఉంటే స్కేలే వేరుగా పెట్టుకునేవాళ్ళం.

ఆ తర్వాత మొహం మాడ్చుకున్న అబ్బాయినే పిలిచి, ఈ అంకెలను ఒక్కోదాని ఘనమూలంతో భాగించమన్నా. పుస్తకం ప్రకారం అన్నిటికీ 1.2 రావాలి. కార్బన్‌కు 1.39 వచ్చింది. కాల్షియం 1.31. ఇనుము 1.26. బేరియం, బంగారం 1.21. యురేనియం 1.22. వాలు కడితే 0.289, మా గోలీలకన్నా ఇంకా తక్కువ! వాడు నా వంక చూసి, "పుస్తకం కూడా సరిగ్గా లేదా సార్?" అన్నాడు.

పుస్తకం తప్పేం కాదు. కానీ 1.2 అన్నది బరువైన కేంద్రకాల దగ్గర బాగా సరిపోయే అంకె. దాన్ని అన్నిటికీ ఒకటే స్థిరాంకంలా రాసి ఊరుకోవడం నాకు మొదట్నుంచీ గిట్టదు. కేంద్రకానికి గోలీకున్నట్టు గట్టి అంచు లేదు. సాంద్రత లోపల సమంగా ఉండి, బయటికి పోయేకొద్దీ నెమ్మదిగా పడిపోతుంది. లోపలి సాంద్రతలో 90 శాతం ఉన్న చోటినుంచి 10 శాతం ఉన్న చోటికి సుమారు 2.3 ఫెర్మీలు. దీన్ని చర్మం మందం అనుకోండి. చిన్న కేంద్రకానికైనా పెద్దదానికైనా దాదాపు ఇంతే. మా స్కేల్లో 18 మిల్లీమీటర్లు, ఒక గోలీకన్నా కొంచెం ఎక్కువ. యురేనియానికి ఆరు సెంటీమీటర్ల వ్యాసార్థంలో ఇది పై పొర. కార్బన్ వ్యాసార్థమే రెండున్నర సెంటీమీటర్లు, అందులో లోపలి భాగమంటూ మిగిలేదెంత? కార్బన్ ఒంట్లో సగానికి పైగా చర్మమే. ఆ చర్మం లావు సగటును పైకి లాగుతుంది. అంచు ఎక్కడన్న పేచీ లేకుండా సాంద్రత సగానికి పడిన చోటిదాకా మాత్రమే కొలిస్తే, హాఫ్‌స్టాటర్ లెక్కలో గుణకం 1.07 దగ్గర చాలావరకు నిలకడగా ఉంటుంది.

గోలీల టేపు తేడా, కేంద్రకాల చర్మం తేడా ఒకే వైపుకు లాగడం చూసి పిల్లలు రెండూ ఒకటేనన్నారు. పోలిక ఉంది, కారణం వేరు. బోర్డు మీద ఇవి రెండూ పక్కపక్కన రాసి పెట్టాలి, కలిపేయకూడదు.

బుధవారం, కాల్షియంతో తంటా

ఈ రోజంతా కాల్షియంతోనే గడిచింది. ప్రకృతిలో కొద్దిగా దొరికే కాల్షియం-48 కూడా ఉంది, ఎనిమిది న్యూట్రాన్లు ఎక్కువ. మా గుండులో ఇంకో ఎనిమిది గోలీలు వేసి కొలిస్తే చుట్టుకొలత 22.2 నుంచి 23.4కు పెరిగింది. సూత్రమూ అదే చెబుతుంది.

అసలు కొలతలు చూడండి. కాల్షియం-40 ఆర్.ఎం.ఎస్. ఆవేశ వ్యాసార్థం 3.478 ఫెర్మీలు. కాల్షియం-48ది 3.477. బరువు ఐదో వంతు పెరిగింది, కొలత ఒక వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

"ఎనిమిది గోలీలు ఎక్కువేసినా లావు పెరగలేదంటారేంది సార్?"

సగం జవాబు సులభం. ఎలక్ట్రాన్లకు కనిపించేది ఆవేశం, అంటే ప్రోటాన్లు. రెండిట్లోనూ ప్రోటాన్లు ఇరవయ్యే. ఎక్కువైన న్యూట్రాన్లు బయటివైపుకు ఒదిగి ఒక పలచటి న్యూట్రాన్ పొర కడతాయి. కాల్షియం-48లో అది సుమారు 0.12 ఫెర్మీ అని అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో కొలిచి 2022లో ప్రకటించినారు. మా స్కేల్లో ఒక మిల్లీమీటరు. కానీ మిగతా సగం జవాబు అంత సులభం కాదు. నడుమ కాల్షియం-44 ఉంది. దాని ప్రోటాన్లూ ఇరవయ్యే, కానీ దాని ఆవేశ వ్యాసార్థం 3.52. అంటే 40 నుంచి 44కు పెరిగి, 48కి మళ్ళీ మొదటికే దిగి వస్తుంది. ప్రోటాన్లు మాత్రమే కనిపిస్తాయి అనే మాట ఒక్కటే దీన్ని వివరించదు. 40లోనూ 48లోనూ న్యూట్రాన్లు మెట్లుమెట్లుగా చేరే వరసలు (షెల్స్) నిండుగా ఉంటాయి, అందుకే అవి గట్టి గుండ్లు. నడిమివి కొంచెం కుదురులేనివి, ఊగుతూ ఉంటాయి. పదో తరగతికి ఇంతకన్నా లోతుకు పోలేదు, నాకూ పోవాలనిపించలేదు.

స్టాల్లో కాల్షియం-40, 48 రెండూ పక్కపక్కన పెట్టాలని తీర్మానం. గోలీల కాల్షియం-48 పెద్దగా కనిపిస్తుంది, కింద అట్ట మీద అసలు అంకెలు సమానంగా ఉంటాయి. చూసినవాళ్ళు అడగాలి. అడగకపోతే మా పిల్లోళ్ళే అడిగిస్తారు.

శుక్రవారం, యురేనియం గుండ్రంగా లేదు

యురేనియం గుండును అంత ముద్దుగా తిప్పి తిప్పి గుండ్రం చేసిన ఇద్దరికీ ఈ రోజు చేదు వార్త: యురేనియం-238 గుండ్రంగా ఉండదు. పొడవాటి కోడిగుడ్డు మాదిరి ఉంటుంది, పొడవు అడ్డం కన్నా సుమారు 30 శాతం ఎక్కువ. ప్రోటాన్ల, న్యూట్రాన్ల వరసలు సగంలో ఉన్న బరువైన కేంద్రకాలు చాలావరకు ఇట్లా సాగి ఉంటాయి.

మేజోడును ముడి విప్పి, నిలువునా లాగి, నడుమ కొంచెం బిగించి కట్టినాం. పొడవు పద్నాలుగున్నర, అడ్డం పదకొండు సెంటీమీటర్ల పైచిలుకు వచ్చింది. గోలీలేం తగ్గలేదు, జాగా అంతే, ఆకారం మాత్రం మారింది. సాగదీసే కొద్దీ చెయ్యి వదిలితే మళ్ళీ గుండ్రం కావాలని చూస్తుంది, అందుకని రెండు చివర్లా వెదురుబద్ద పెట్టి కట్టేసినాం.

ఇంకో అట్ట కూడా ఈ రోజే రాయించినా. కేంద్రకం లావును పరమాణువు లావుతో కలిపేసుకునే అలవాటు పెద్దవాళ్ళకూ ఉంది. లోహంలో కాల్షియం పరమాణువు వ్యాసార్థం 197 పికోమీటర్లు (ఒక పికోమీటరంటే వెయ్యి ఫెర్మీలు), బంగారానిది 144. పరమాణువుగా కాల్షియమే పెద్దది! బేరియం పరమాణువు 222, యురేనియం 156. పరమాణువు లావు ఎలక్ట్రాన్ల వ్యవహారం, అది బరువు మాట వినదు. బరువు మాట వినేది కేంద్రకం. మా స్కేల్లో బంగారం పరమాణువు అంచు, మేజోట్లో కట్టిన గుండు నుంచి కిలోమీటరు మీద ఇంకో 150 మీటర్ల దూరంలో ఉండాలి. ఫెయిర్ జరిగే హాలు బయట, రోడ్డు దాటి ఎక్కడో. బాణం గుర్తు పెట్టి కిటికీ వైపుకు చూపిస్తే సరిపోతుంది.

సాంద్రత లెక్క పిల్లలే చేసినారు. కేంద్రక పదార్థం ఘనపు మీటరుకు 2.3 × 10¹⁷ కిలోలు. ఒక గోలీ నిండా అదే ఉంటే దాదాపు 50 కోట్ల టన్నులు. దీన్ని పెద్ద అక్షరాలతో రాయాలని వాళ్ళ పట్టుదల. సరే రాసుకోండి అన్నా. నాకైతే కాల్షియం అట్టే ఎక్కువ ఇష్టం.

ఆదివారం, మిగిలిన పని

అట్టలు అయిపోయినాయి. బల్ల మీద ఏడు గుండ్లు వరసగా పెట్టి చూసుకున్నాం, కాల్షియం రెండు కాబట్టి ఏడు. పిల్లలు ఒక్కోదాన్ని ఎత్తి చూసుకుంటున్నారు, కార్బన్ ఒక చేత, యురేనియం ఒక చేత పట్టుకొని. చూడ్డానికొచ్చేవాళ్ళ చేత కూడా ఎత్తించాలి. "తాకరాదు" అని బోర్డు పెట్టిన స్టాలు నాకు పనికిరాదు, కుట్లు ఊడితే ఊడనీ, జంట కుట్టు దారం రీలు వెంట తీసుకుపోతాం.

ఒక్కటి మిగిలింది. సూత్రాన్ని పూర్తిగా లెక్కచేయనిది కూడా ఒకటి పెడితే బాగుంటుందని లీథియం-11 చేద్దామన్నా. అది మన సీమ మట్టిలో దొరికేది కాదు, ఎక్కడా దొరికేది కాదు. ప్రయోగశాలలో పుట్టి సెకనులో వందో వంతులోపే సగం పోతుంది. 1985లో ఇసావో తానిహతా బృందం బర్క్లీలో దాని సైజును కొలిచినప్పుడు లెక్కకన్నా బాగా పెద్దగా వచ్చింది. కారణం, తొమ్మిది కణాలు నడుమ ముద్దగా ఉంటాయి, మిగిలిన రెండు న్యూట్రాన్లు సుమారు 6 ఫెర్మీల దూరంలో తిరుగుతుంటాయి. మా స్కేల్లో దాదాపు 5 సెంటీమీటర్లు. తొమ్మిది గోలీలు మేజోట్లో కట్టడం అయిపోయింది. బయటి రెండిటినీ సైకిల్ పుల్లల చివర నిలబెట్టాలి. ఎం-సీల్‌తో పెట్టినవి ఆరకముందే ఒకటి వంగి కిందికి జారింది. రేపు సైకిల్ రిపేరు అంగట్లో పుల్లల కొనలు కొంచెం చదును చేయించి, మళ్ళీ అంటించి చూడాలి.